తోడికోడలి పాపకు రక్తపరీక్ష

పెద్ద కోడలికి పెళ్ళయిన చాలా ఏళ్ళకు నెల తప్పింది. ఆ కబురు ఇంట్లో చెప్పేనాటికి చిన్న కోడలి కడుపు అప్పటికే పైకి కనిపిస్తోంది. నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన పిల్లకు అడగకుండానే దొరికినది, తను ఇన్నేళ్ళు డాక్టర్ల చుట్టూ తిరిగితే గాని దొరకలేదు. అత్తగారు ఇద్దరి విషయంలోనూ ఒకేలా సంతోషించింది. ఆ ఒకేలా అన్నదే పెద్ద కోడలికి మింగుడు పడలేదు. తన వార్త ఆ ఇంట్లో రెండో వార్త అయిపోయింది.

దానికి కొద్దిరోజుల ముందు ఇద్దరికీ ఒంటి మీద దద్దుర్లు వచ్చి పోయాయి. చిన్న కోడలు చిన్నపిల్లల బడిలో టీచరు. అక్కడ నలుగురైదుగురు పిల్లలకు వచ్చింది, వాళ్ళ నుంచి ఆమెకు అంటింది. ఆమె తగ్గి బడికి వెళ్ళడం మొదలుపెట్టాక పెద్ద కోడలికి వచ్చింది. కాస్త జ్వరం, చెవుల వెనక బిళ్ళలు, మొహం మీద మొదలై కాళ్ళదాకా పాకిన సన్నటి ఎర్ర పొక్కులు. మూడు రోజుల్లో ఆనవాలు లేకుండా పోయాయి. వేడి చేసిందని అత్తగారు తేల్చేసింది. పెద్ద కోడలు తాను గర్భవతినని అప్పటికింకా ఎరగదు. కర్టెన్లు కుట్టే షాపులో రెండు రోజులు సెలవు పెట్టి, మూడో రోజు మిషను ముందు కూర్చుంది.

చిన్న కోడలికి ఆడపిల్ల పుట్టింది. బుగ్గలు, చేతుల మీద మడతలు, నల్లగా మెరిసే కళ్ళు. అందరూ బొద్దమ్మ అన్నారు. ఆ పిల్ల నిద్ర చూసి అత్తగారు మురిసిపోయేది. కుక్కరు కూత వేసినా, పక్కవాళ్ళు గోడకు డ్రిల్లు పెట్టినా, గాలికి తలుపు ధడాలున కొట్టుకున్నా కదిలేది కాదు. ఇంత బుద్ధిమంతురాల్ని తన జన్మలో చూడలేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నిండు నెలల పొట్టతో కుర్చీలో కూర్చుని పెద్ద కోడలు అవన్నీ వినేది. తన బిడ్డ కూడా అలాగే నిద్రపోవాలని కోరుకునేది. అంతకన్నా బాగా నిద్రపోవాలని కూడా కోరుకునేది.

ఆమెకు కొడుకు పుట్టాడు. రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత ఉన్నాడు. ఒంటి నిండా కమిలినట్టు నీలం మచ్చలు. కళ్ళు తెరిస్తే నల్లగుడ్డు మధ్య పాలచుక్క పడ్డట్టు తెలుపు. గుండె దగ్గర చెవి పెట్టిన డాక్టరు వెంటనే తల ఎత్తలేదు. బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టకుండా పసిపిల్లల వార్డులో అద్దాల పెట్టెలో ఉంచారు. అక్కడి నర్సులు వాణ్ణి పిచ్చుక అన్నారు. ఆ పేరే ఇంటికీ వచ్చింది.

వార్డు పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తలమీదికి ఎత్తిపెట్టుకుని మాట్లాడేది. అది రుబెల్లా అని ఆమే చెప్పింది. పెద్దవాళ్ళకు మూడు రోజుల ముచ్చట, కడుపులో ఉన్న బిడ్డకు మాత్రం అలా కాదంది. మొదటి నెలల్లో తల్లికి సోకితే కళ్ళు, గుండె, చెవులు తయారవుతున్నచోటే వెళ్ళి కూర్చుంటుందట. చిన్నప్పుడు టీకా పడి ఉంటే తల్లికి సోకేదే కాదట. పెద్ద కోడలు తల ఊపుతూ వింది. వాడి రక్తంలో రోగంతో పోరాడే సరుకు బోలెడుందని డాక్టరమ్మ చెప్పినప్పుడు మాత్రం ఆపి అడిగింది.

"అంతుంటే మరి రోగం పోవాలి కదండీ?"

"పోవాలమ్మా. కానీ అది లోపలికొచ్చేనాటికి కాపలావాడు ఇంకా పుట్టలేదు. తర్వాత పుట్టినవాడు దాన్ని చూసి ఇంట్లోవాడే అనుకుంటాడు. కేకలేస్తాడు, కర్ర మాత్రం ఎత్తడు. అందుకే నెలల తరబడి అలాగే ఉండిపోతుంది."

ఆ నెలలన్నీ బిడ్డ ఉమ్మిలో, మూత్రంలో రోగం బయటికొస్తూనే ఉంటుందని, గర్భిణులు దగ్గరికి రాకూడదని, పసిపిల్లల్ని దూరంగా ఉంచాలని కూడా చెప్పింది. ఆ మాట అత్తగారు కూడా వింది.

పెద్ద కోడలు తెల్లారేసరికి ఆసుపత్రికి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేది. వార్డు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, పచ్చ గౌను వేసుకుని పెట్టె పక్కన స్టూలు మీద కూర్చునేది. సూది గుచ్చని చోటు వాడి చేతుల మీద మిగల్లేదు. పాదాలకు గుచ్చడం మొదలుపెట్టారు. ఇల్లు చేరేసరికి హాల్లో అత్తగారు బొద్దమ్మను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఏదో ఒకటి చెబుతూ ఉండేది. చిన్న కోడలు పాలతో తడిసిన జాకెట్టు మార్చుకుంటూ ఉండేది. పెద్ద కోడలు వంటింట్లో తలుపు జేరేసి, పంపుతో తన పాలు సీసాలోకి తీసేది. సీసా అడుగు కూడా నిండేది కాదు. చిన్న కోడలు వచ్చి, అక్కా నేనేమైనా చెయ్యనా అని అడిగితే, నువ్వెళ్ళు, నీ పాప లేస్తుంది అనేది. ఆ పాప లేవదని ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు చిన్న కోడలు స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఉయ్యాల దగ్గరికి వెళ్ళింది. ఫోను లైటు వేసి బొద్దమ్మ కళ్ళలోకి చూసింది. ఒక కన్ను, తర్వాత రెండోది. తెలుపు కోసమే చూసింది. ఎక్కడా లేదు, రెండూ నేరేడుపళ్ళలా నిగనిగలాడుతున్నాయి. హమ్మయ్య అనుకోవాల్సిన చోట ఆమెకు కళ్ళెదుటే బస్సు వెళ్ళిపోయినట్టయింది. పాప ఆమెను చూసి బోసినోటితో నవ్వింది. ఆ నవ్వు ముద్దుగా ఉన్నందుకు కూడా ఆమెకు కోపం వచ్చింది.

పిచ్చుక గుండెకు ఆపరేషన్ అయింది. మూసుకోవాల్సిన చిన్న గొట్టమేదో మూసుకోలేదట, దాన్ని కట్టేశారు. ఇంకొన్నాళ్ళలో ఇంటికి పంపుతామన్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు వెనక గది ఖాళీ చేయించింది. పాత సామానంతా తీయించి, నేల కడిగించి, కొత్త బకెట్టు, విడిగా గ్లాసులు, విడిగా తువ్వాళ్ళు పెట్టింది. కిటికీకి దోమతెర కొట్టించింది. బాబు ఇక్కడుంటే పాపకు అంటదు, నీకూ ప్రశాంతంగా ఉంటుంది అని చూపించింది. గది శుభ్రంగా ఉంది. డాక్టరమ్మ చెప్పినట్టే ఉంది. వంక పెట్టడానికేమీ లేదు, అదే ఆమెను ఎక్కువ మండించింది. బాగుందత్తయ్యా అని, వెళ్ళి మొహం కడుక్కుంది.

మర్నాడు వార్డులో ఆమె తనంతట తాను డాక్టరమ్మను ఆపింది. తోడికోడలికి కూడా అదే దద్దుర్లు వచ్చాయని, తన కన్నా ముందే వచ్చాయని, తనకు అంటించింది ఆమేనని చెప్పింది. ఆ పాప మాత్రం గుండ్రాయిలా ఉందని చెప్పింది. డాక్టరమ్మ కళ్ళజోడు కిందికి దింపింది. అప్పుడామెకు ఎన్నో నెల అని అడిగింది. నాలుగో నెల అంటే, చూడ్డానికి బాగున్న బిడ్డలో కూడా రోగం ఉండొచ్చని, వీలైతే ఒకసారి రక్తపరీక్షకు తీసుకురమ్మని అంది. వీలైతే అన్న మాటను పెద్ద కోడలు అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళింది.

అత్తగారి ఎదుటే ఆ మాట ఎత్తింది. బంగారంలాంటి పిల్లకు సూది ఎందుకని అత్తగారు కొట్టిపారేసింది. చిన్న కోడలు తల వంచుకుని పాప గోళ్ళు కత్తిరిస్తోంది. అప్పుడు పెద్ద కోడలు ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడింది.

"ఒక్క సూదేగా. నావాడికి ఎన్ని గుచ్చారో నువ్వు చూడలేదు. ఏమీ లేదని తేలితే నా మనసు కుదుటపడుతుంది. ఎంతైనా ఆ రోగం మనింటికి ఎక్కణ్ణించొచ్చిందో మనకు తెలుసు కదా."

చివరి మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చిన్న కోడలు కత్తెర కింద పెట్టి, రేపే వెళ్దాం అంది.

రక్తం తీసేటప్పుడు బొద్దమ్మ గుక్కపట్టి ఏడ్చింది. పెద్ద కోడలు ఆ పాదం పట్టుకుని ఉంది. ఎక్కడా మచ్చలేని పాదం అది. ఫలితం వచ్చేదాకా ఆమె మనసులో బేరం నడిచింది. కళ్ళు వద్దు. గుండె వద్దు. ఏదో చిన్నది, మందులతో పోయేది ఉంటే చాలు. అత్తగారు ఆ పిల్లను ఎత్తుకునేటప్పుడు ఒక్కసారి జంకితే చాలు. ఇలా అనుకున్న వెంటనే తనకు తానే అసహ్యమేసేది. కాసేపటికి మళ్ళీ మొదటి నుంచి బేరం మొదలయ్యేది.

డాక్టరమ్మ ఇద్దర్నీ తన గదికి పిలిచింది. కాగితాలేవీ ముందు పెట్టకుండా, చిన్న కోడలి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. తల్లి ఒంట్లోని రక్షణ కొంత కడుపులోని మాయ దాటి బిడ్డకు చేరుతుంది, అది తల్లి సొత్తు, నెలలు గడిచేకొద్దీ కరిగిపోతుంది. ఇంకో రకం ఉంది, ఐజీఎం అంటారు. అది పెద్దది, మాయ దాటలేదు. బిడ్డ రక్తంలో అది కనబడిందంటే బిడ్డ సొంతంగా తయారుచేసుకున్నదే. పాప రక్తంలో అది ఉంది. పిచ్చుక ఇంకా ఇంటికి రాలేదు కాబట్టి వాడి నుంచి అంటింది కాదు. అంటే కడుపులో ఉన్నప్పుడే రోగం లోపలికి వెళ్ళింది, పాప అప్పటి నుంచీ దానితో పోరాడుతోంది.

"కళ్ళు చూశాం, గుండె చూశాం, బాగున్నాయి. చెవులు పరీక్ష చేయించాలమ్మా. ఆ నెలలో సోకితే ముందు చూడాల్సింది చెవులే."

చిన్న కోడలు ఏడవలేదు. తల కొద్దిగా ఊపి, పాప టోపీ సరిచేసింది. డాక్టరమ్మ లేస్తూ, ఇక ఇద్దరు పిల్లల్నీ విడివిడిగా ఉంచాల్సిన పని లేదని అంది. పెద్ద కోడలు కోరుకున్నది అక్షరాలా జరిగింది.

చెవుల పరీక్ష నిద్రలో చేశారు. పాప నుదుటికీ, చెవుల వెనకా తీగలు అంటించి, చెవుల్లోకి చప్పుళ్ళు పంపి, మెదడు దాకా వెళ్తున్నాయో లేదో చూశారు. రెండు చెవులూ బాగా మందమని తేలింది. కుక్కరు కూతలు, డ్రిల్లు, తలుపు చప్పుడు ఏవీ ఆ పిల్లకు చేరనేలేదు. ఆ సంగతి విన్నాక అత్తగారు పాప నిద్ర ఊసు మళ్ళీ ఎవరి దగ్గరా ఎత్తలేదు. పిచ్చుకకూ అదే పరీక్ష చేస్తే ఒక చెవి బాగానే ఉందన్నారు, ముందు ముందు తగ్గొచ్చు కాబట్టి ఏటా చూపిస్తూ ఉండమన్నారు.

ఆ వారంలోనే పిచ్చుక ఇంటికొచ్చాడు. వెనక గదిలో పెద్ద కోడలు వాడి బట్టలు మడత పెడుతుంటే చిన్న కోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఒకటడుగుతాను. దానికేదో ఉండాలనే కదా తీసుకెళ్ళమన్నావు?"

పెద్ద కోడలు అబద్ధం కోసం వెతికింది. దొరకలేదు.

"అవును."

"ఎంత ఉండాలనుకున్నావు?"

"ఇంత కాదు."

"మరెంత?"

పెద్ద కోడలు చేతిలోని చిన్న చొక్కా మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. తిడుతుందనుకుంది, జుట్టు పట్టుకున్నా పడేదే. కానీ చిన్న కోడలు మంచం అంచున కూర్చుని, గొంతు తగ్గించి ఇంకేదో చెప్పింది. పాపకు నెల దాటినప్పటి నుంచే తనకు అనుమానమట. బడిలో అంతమంది పిల్లల్ని చూసినదానికి తెలియకుండా ఉంటుందా? ఎవరూ లేనప్పుడు వెనక నిలబడి చప్పట్లు కొట్టేదట, గిన్నె మీద గరిటెతో వాయించేదట. పాప తిరిగేది కాదు.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే నీకు ఊరటగా ఉంటుందని చెప్పలేదు. నీ బిడ్డ అలా ఉన్నాక, నా బిడ్డ బాగుందని నువ్వు కుళ్ళుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. నువ్వలా కుళ్ళుకుంటుంటే నాకు బాగుండేది, అది పోతుందని చెప్పలేదు. నువ్వు రక్తపరీక్ష అంటే మాత్రం కాదనలేకపోయాను. రోగం తెచ్చింది నేనే కదా."

అంతలో పిచ్చుక ఏడుపు అందుకున్నాడు. దగ్గరగా ఉన్నది చిన్న కోడలే కాబట్టి ఆమే ఎత్తుకుంది. వాణ్ణి ఆమె ఎత్తుకోవడం అదే మొదటిసారి. ఇంత తేలిగ్గా ఉన్నాడేంటి అంది. పెద్ద కోడలికి ఆ మాట గుచ్చుకుంది, అయినా బిడ్డను లాక్కోలేదు.

అప్పటి నుంచి ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్ళేవారు, ఒకే బస్సులో, ఒకే సీట్లో. స్నేహం కుదిరిందని చెప్పలేం. పిచ్చుక ఒక కంటికి, తర్వాత రెండో కంటికి ఆపరేషన్ చేసి తెల్లటి పొర తీశారు. సోడాబుడ్డి అద్దాల చిన్న కళ్ళజోడు పెట్టి, వెనక ఎలాస్టిక్ పట్టీ కట్టారు. ఆ రోజు వాడు తల్లి మొహం వైపు మొదటిసారి నిలకడగా చూస్తుంటే పెద్ద కోడలు అక్కడే బెంచీ మీద కూలబడి నవ్వింది. చిన్న కోడలు కిటికీ వైపు తిరిగింది. ఇంకోరోజు బొద్దమ్మ బరువు తూచి నర్సు మెచ్చుకుంటే పెద్ద కోడలు సంచి సర్దుకునే పనిలో పడింది. ఎవరి బిడ్డకు ఏం దక్కిందో రెండోవాళ్ళు చూస్తూనే ఉన్నారు. తేడా ఏమిటంటే, ఇప్పుడు చూస్తున్నట్టు ఒకరికొకరు దాచుకోవడం లేదు.

బొద్దమ్మకు చెవి మిషన్లు వచ్చిన రోజు కూడా ఇద్దరూ వెళ్ళారు. గోడలకు మెత్తటి పలకలు అతికించిన చిన్న గది. మిషన్లు అమర్చే ఆయన పాప చెవుల కొలతకు పోతపోసిన తొడుగులు పెట్టి, వైర్లు సరిచేసి, ఇక పిలవండమ్మా, మామూలుగా పిలవండి అన్నాడు. చిన్న కోడలు నోరు తెరిచింది. అన్ని నెలలుగా పాప ఎదుట పెదవులు కదిపిన మనిషి ఆ క్షణాన కూడా పెదవులే కదిపింది. బంగారూ అని ఏదో అంది, అది ఆమెకే వినబడలేదు. మళ్ళీ ప్రయత్నించి మొహం కొంగులో దాచుకుంది.

సరిగ్గా అప్పుడే పెద్ద కోడలి ఒళ్ళో పిచ్చుక కళ్ళజోడు పట్టుకుని లాగాడు. షాపులో రోజంతా కుట్టు మిషన్ల హోరులో మాట్లాడి మాట్లాడి ఆమెది పెద్ద గొంతు.

"తియ్యకురా, తియ్యకు అంటుంటే."

బొద్దమ్మ చప్పరిస్తున్న పిడికిలి నోట్లోనే ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. మెల్లగా, బరువైన దేన్నో తిప్పుతున్నట్టు, తల తిప్పి పెద్దమ్మ వైపు చూసింది. చూసి నవ్వింది.

మిషన్ల ఆయన సంతోషంగా, వినబడింది చూశారా అన్నాడు. పెద్ద కోడలి ఒళ్ళు జల్లుమంది. ఆ పిల్ల విన్న మొదటి మాట తనది. తల ఎత్తేసరికి చిన్న కోడలు తననే చూస్తోంది. చెంపల మీద కన్నీళ్ళు ఆరనే లేదు, కానీ ఆ చూపులో సంతోషం లేదు. ఆ చూపు ఎలాంటిదో పెద్ద కోడలికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇంటికొచ్చాక చిన్న కోడలు పాపతో ముందు గదిలోనే ఉండిపోయింది. అత్తగారు విషయం విని, మొదట పెద్దమ్మ గొంతే పట్టిందన్నమాట అని సంబరపడి, అదే మాట కొడుకులిద్దరికీ చెప్పింది, పక్కింటావిడకూ చెప్పింది. చెప్పినప్పుడల్లా ముందు గదిలోంచి చిన్న కోడలి పిలుపు వినిపించేది. బంగారూ, ఇటు చూడు, బంగారూ. ఆ పిలుపు మధ్యలో వంటింట్లోంచి పెద్ద కోడలు ఏదైనా అడిగితే, పాప తల్లిని వదిలి వంటింటి వైపు మెడ తిప్పేది. రెండుసార్లు అలా జరిగింది. రెండోసారి చిన్న కోడలు మిషన్లు తీసి డబ్బాలో పెట్టేసింది.

మర్నాటి నుంచి పెద్ద కోడలు మాట్లాడటం మానేసింది. పాప చెవులకు మిషన్లు ఉన్నంతసేపూ ఆమె ఇంట్లో నోరు విప్పలేదు. అత్తగారు ఉప్పు డబ్బా ఎక్కడుందంటే చేత్తో చూపించింది. భర్త, గొంతు పోయిందా అని అడిగితే అవునన్నట్టు తల ఊపింది. తోడికోడళ్ళు మళ్ళీ పోట్లాడుకున్నారని అత్తగారు అనుకుంది. పిచ్చుకకు జోల కావాల్సి వస్తే వాణ్ణి తీసుకుని వెనక గదికి పోయి, తలుపు వేసి, చెవిలో గుసగుసగా పాడేది. వాగుడుకాయ అని షాపులో పేరుపడ్డ మనిషికి అదేమంత తేలిక కాలేదు. ఒక్కోసారి మాట నాలుక చివరిదాకా వచ్చేది. కావాలనే ఒక్క మాట అనేద్దామా, ఆ పిల్ల ఇంకొక్కసారి తన వైపు తిరుగుతుంది కదా అని కూడా అనిపించేది. పెదవి కొరుక్కునేది.

చిన్న కోడలు అది గమనించింది. గమనించినట్టు చెప్పలేదు. పిలవడం మాత్రం మానలేదు.

ఒక సాయంత్రం పెద్ద కోడలు వెనక గదిలో పిచ్చుకకు పాలు పడుతోంది. ముందు గదిలోంచి ఎప్పటిలాగే పిలుపు వినిపిస్తోంది. ఉన్నట్టుండి అది మధ్యలో ఆగిపోయింది. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత చిన్న కోడలు నవ్వింది, అత్తయ్యా ఒకసారి ఇలా రండి అంది. మళ్ళీ పిలిచింది, మళ్ళీ నవ్వింది. అత్తగారి చెప్పులు గబగబా ఆ వైపు వెళ్ళాయి.

పెద్ద కోడలికి వెళ్ళి చూడాలనిపించింది. ఆ పిల్ల తనది కాదని, అయినా కొన్ని రోజులు తనదయిందని, ఇప్పుడు చెయ్యి జారిపోతోందని తెలిసింది. లేవలేదు. పిచ్చుక సీసా వదిలేసి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. కాస్త ఆగి, చిన్న కోడలే పాపను చంకనేసుకుని వెనక గది గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా," అంది, "ఇక మాట్లాడు."